పోపుగారి ఫ్లెక్సీ, పెద్దమ్మ చేను

“పోపుగారు ఏం చెప్పినా మనం వినాల్సిందేనా సార్? ఓట్ల గురించి, భూముల గురించి చెప్పినా?”

కొత్తగా ఉపదేశులు కాబోతున్న పిల్లలకు మొన్న శిక్షణ పెట్టారు. రిటైరైనవాణ్ణి, ఖాళీగా ఉంటాను కదా అని నన్నూ పిలిచారు, రెండు మంచి మాటలు చెప్పమని. ఆ రెండు మంచి మాటలూ చెప్పేసి కూర్చోబోతుంటే వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి ఈ ప్రశ్న వేసింది. నాకు ప్రాణం లేచొచ్చింది. నోరు తెరిచాను. అంతలో శిక్షణ చూసుకుంటున్న ఫాదరు గడియారం వంక చూసి “టీ చల్లారిపోతుంది, పదండి” అన్నాడు. ఆ టీ నేను తాగాను. చల్లారనూ లేదు, బాగానూ లేదు. అమ్మా, నీకు జవాబు బాకీ ఉండిపోయింది కాబట్టి ఇది రాస్తున్నాను. నీ పక్కన కూర్చుని సెల్‌ఫోను నొక్కుకుంటున్నవాళ్లు కూడా చదివితే సంతోషం.

ఉపదేశి అంటే ఏమిటో బయటివాళ్లకు తెలియదు, అందుకని ఒక ముక్క చెప్తాను. కతోలికుల విచారణలో, అంటే ఒక గుడి కింద ఉండే ఊళ్లన్నిట్లో, ఫాదరు ఒక్కడు, ఊళ్లు బోలెడు. ఫాదరు రాని ఊళ్లో, ఫాదరు రాని ఆదివారం ప్రార్థన నడిపించేవాడు ఉపదేశి. పిల్లలకు జపాలు నేర్పాలి. పెళ్లికి పోవాలి, చావుకు పోవాలి, మొగుడూ పెళ్లాల తగువుకూ పోవాలి. ఫాదరు మాట ఊరికి, ఊరి మాట ఫాదరుకు మోసి, ఇద్దరిచేతా తిట్లు తినాలి. జీతం సంగతి అడక్కండి, నాకే నవ్వొస్తుంది. కదిరికీ నల్లమాడకూ మధ్య నా మోపెడ్డు పడని గుంత లేదు.

పూజలో ప్రసంగం అయ్యాక విశ్వాసుల ప్రార్థన వస్తుంది. ఉపదేశి ఒక్కో మనవి చదివి, చివర “అని వేడుకొందము” అంటాడు. వెంటనే జనమంతా “ప్రభువా, మా మనవి ఆలకింపుము” అనాలి. మా ఊరివాళ్లు దీంట్లో ఆరితేరినవాళ్లు. ముందు నేనేం చదివానో ఎవడికీ పట్టదు. కునికేవాడు కునుకుతూనే, బిడ్డకు పాలిచ్చే తల్లి పాలిస్తూనే, “వేడుకొందము” చెవిన పడిందంటే చాలు, గుడి రేకులు అదిరేట్టు అందుకుంటారు. ఒకసారి మనవుల మధ్యలో నేను విసుగెత్తి, “గుడి బయట చెప్పులు అడ్డదిడ్డంగా పడేయకుండా వరసగా విడవాలని వేడుకొందము” అన్నాను. దానికీ ఆలకింపుమన్నారు. చెప్పులు మాత్రం ఆ తర్వాత కూడా ఎక్కడివక్కడే.

ఇంకో అలవాటు కూడా చెప్పాలి. మా పక్క గుడిలో అన్న మాట మాటే. గొర్రె పోయిందన్నా, గట్టు జరిపినాడన్నా, పూజ చేసే పీఠం ముందు నిలబెట్టి చెప్పిస్తారు. బయట నోటికొచ్చిన అబద్ధమల్లా ఆడేవాడు కూడా అక్కడ నోరు విప్పాలంటే జంకుతాడు. ఈ రెండు అలవాట్లూ వేటికవి మంచివే. రెండూ ఒకే ఆదివారం కలిసేసరికి మా కొంప మునిగింది.

అప్పుడు మా విచారణకు కొత్త ఫాదరు వచ్చాడు. కోస్తా పిల్లవాడు. గురుపట్టానికి చేతులకు పూసిన తైలం ఇంకా ఆరలేదు. మంచివాడు, ఆ మాట ముందే చెప్తున్నాను, తర్వాత నేను ఎన్ని తిట్టినా మీరు గుర్తుపెట్టుకోవాలి. ఆయనకు భూగోళం మీద బెంగ. ప్లాస్టిక్ గ్లాసు కనబడితే పాపం ఒప్పుకోమని పాపసంకీర్తనం చెప్పించేంత కోపం. పుట్టినరోజుకు కేకు తెస్తే “మొక్క తీసుకురండి” అనేవాడు. తెచ్చారు. ఆ మొక్కలకు నీళ్లు ఎవరు పోయాలి? నేను. తాగడానికే ట్యాంకరు కోసం కొట్టుకునే ఊళ్లో గన్నేరు మొక్కలకు బిందెలు మోశాను.

అదే కాలంలో సోలారు కంపెనీ దిగింది. మా పక్క వానకు కరువు గానీ ఎండకు కరువు లేదు. ఆ ఎండనే పంటగా తీయొచ్చని కంపెనీవాళ్లు కనిపెట్టారు. మా వాళ్లవన్నీ ఎప్పుడో సర్కారు ఇచ్చిన మెట్ట చేన్లు. శనక్కాయ వేస్తే విత్తనం కూడా వెనక్కి రాని ఏళ్లే ఎక్కువ. వాటిని కౌలుకివ్వండి, పలకలు పరుస్తామని ఏజెంటు తిరగడం మొదలుపెట్టాడు. తెల్లచొక్కా, నల్లకళ్లద్దాలు, అందరినీ వరసపెట్టి పిలిచే నోరు. ఊళ్లో ఒక పార్టీ సరే అంది కాబట్టి రెండో పార్టీ వద్దంది. అక్కడిదాకా మామూలే.

ఇంతలో పోపుగారు దీంట్లోకి వచ్చారు. ఏ పోపుగారని అడక్కండి, పాపం ఆయన తప్పేమీ లేదు. ఏదో దేశంలో బొగ్గు కరెంటా, ఎండ కరెంటా అని రాజకీయం రగులుతుంటే, ప్రయాణంలో విలేకరులు అడిగారట. ఎండ కరెంటే మంచిదన్నట్టు ఆయన ఏదో అన్నారట. అది భాషలు మారి, చేతులు మారి, మా ఊరి వాట్సాప్‌లోకి వచ్చేసరికి వెనక సంగీతంతో సహా వచ్చింది. మా ఫాదరు అది చూసి ఆనందంతో గంతేశాడు. ఏజెంటు అది చూసి ఫ్లెక్సీ వేయించాడు.

ఆ ఫ్లెక్సీ మీరు చూడాల్సింది. నడుమ పోపుగారు చెయ్యెత్తి దీవిస్తున్నారు. ఆ పక్క సరే అన్న పార్టీ లీడరు దండం పెడుతున్నాడు, ఈ పక్క కళ్లద్దాలతో ఏజెంటు. కింద నీలం పలకలు, పైన సూర్యుడు. దాన్ని తెచ్చి రోడ్డు మీద పంచరు షాపు పక్కన కట్టారు. ఆ షాపు భాయ్ నాకు పాత స్నేహితుడు. నా మోపెడ్డు పుణ్యాన ఆయన కుటుంబం సగం బతికిందని నా అంచనా.

“ఏమప్పా ఉపదేశీ, మీ పోపు కంపెనీలో వాటా తీసుకున్యాడా?” అన్నాడు, ట్యూబును నీళ్లలో ముంచి తిప్పుతూ.

“నోర్ముయ్యి. పెద్దాయన్ని అట్ల అనొచ్చా?”

“నేనేమంటి? ఫ్లెక్సీ అంటాండాది. సూడు, మా లీడరు, మీ పోపు, ఇద్దురూ ఒకే పొడుగుండారు.”

“మరి మీ హజ్రత్ చెప్తే మీరు వినరా?”

“ఎందుకిననప్పా? నమాజు సంగతి చెప్తే తల వంచుకొని ఇంటా. ఏ పార్టీకి ఓటెయ్యాలో చెప్పేకి మొదులు పెడితే మాత్రం నా చెప్పులు యాడుండాయో ఎతుక్కుంటా.”

రెండో పార్టీవాళ్లు ఊరుకుంటారా? పేదల భూములు లాక్కోకూడదని కూడా పోపుగారు ఎప్పుడో అన్నారని పట్టుకొచ్చి, రోడ్డుకు అవతలివైపు ఇంకో ఫ్లెక్సీ కట్టారు. ఇటు నుంచి ఒక పోపుగారు దీవిస్తుంటే అటు నుంచి ఇంకో పోపుగారు దీవిస్తున్నారు. మధ్యలో కదిరి బస్సు ఆగేది. ఒక తాత ఆ రెండూ చూసి, ఈసారి ఎలక్షన్లో ఈయప్ప నిలబడినాడా అని నన్నడిగాడు.

నవ్వుకుంటూ ఉన్నంతలో ఆ ఆదివారం వచ్చింది. ఆ రోజు మనవుల కాగితం ఫాదరు నా చేతికివ్వలేదు, తనే చదువుతానన్నాడు. అనారోగ్యంతో ఉన్నవారికొరకు అన్నాడు, ఆలకింపుమన్నారు. వానల కొరకు అన్నాడు, ఇంకొంచెం గట్టిగా ఆలకింపుమన్నారు. మూడోది, జగద్గురువులంటే పోపుగారే: “జగద్గురువుల ఆశయము ప్రకారము మన గ్రామ భూములు సూర్యశక్తికి ఉపయోగపడునట్లు, ఈ పనికి మనమందరము మనస్ఫూర్తిగా సహకరించునట్లు, వేడుకొందము.”

రేకులు అదిరాయి. వెనక గోడకు ఆనుకుని ఏజెంటు నిలబడి ఉన్నాడు. వాడు మన మతంవాడు కాదు, అయినా కళ్లద్దాలు తీసి చేతిలో పట్టుకున్నాడు, అంత భక్తి. మర్నాడు పొద్దున్నుంచి ఇంటింటికీ తిరగడం మొదలుపెట్టాడు: “పీఠం ముందర అందరూ ఒప్పుకున్యారు కదన్నా. పోపు మాట, ఫాదరు మాట, మీ మాట. ఇంగేం కావాల?”

చాలామంది సంతకాలు పెట్టారు. నిజం చెప్పాలంటే పోపుగారు చెప్పకపోయినా సగంమంది పెట్టేవాళ్లే. పంట రాని చేను మీద ఏటా కౌలు వస్తానంటే ఎవరికి చేదు? చిక్కు వచ్చింది పెద్దమ్మతోనే.

ఆమె ఊరందరికీ పెద్దమ్మ. మొగుడు ఎప్పుడో పోయాడు. కొన్ని గొర్రెలు, ఒక చేను, పెద్ద గొంతు, ఇవీ ఆమె ఆస్తి. ఈస్టరును మేం పాస్కపండగంటాం, దానికి ముందు తపస్సుకాలంలో సిలువమార్గం పాట ఆమె ఎత్తుకుంటే, బయట బీడీ తాగుతున్నవాళ్లు ఆర్పేసి లోపలికొచ్చేవాళ్లు. ఆమె చేను సరిగ్గా కంపెనీ గీసుకున్న హద్దుల నడుమ పడింది. ఆమె ఇవ్వనంది. ఆమె ఇవ్వకపోతే కంపెనీ మొత్తం పనే పక్క ఊరికి మార్చేస్తుందని ఏజెంటు పుకారు లేపాడు. దాంతో కొళాయి దగ్గర ఆమె బిందె పెడితే మిగతా ఆడవాళ్లు మాటలు ఆపేసేవాళ్లు. “పోపు కంటే పెద్దదా ఈమె?” అని ఆమెకు వినబడేట్టే అనేవాళ్లు.

వాళ్లనేది ఆమె పట్టించుకునేది కాదు. నన్ను కలవరపెట్టింది వేరే. పూజ చివర క్రీస్తు శరీరమని అప్పం పెట్టే సత్ప్రసాదం వేళకు పెద్దమ్మ లేచి గుడి బయటికి వెళ్లిపోతోంది. ఒక వారం కాళ్లనొప్పులనుకున్నాను. తర్వాతి వారమూ అంతే. బుద్ధి తెలిసినప్పటి నుంచి ఆదివారం సత్ప్రసాదం తప్పని మనిషి. పూజ అయ్యాక మెట్ల మీద పట్టుకున్నాను.

“ఏం పెద్దమ్మా, సత్ప్రసాదానికి రాలేదే?”

“యా మొగం పెట్టుకొని వచ్చేదప్పా? పీఠం ముందర నోరారా ఆలకింపుమంటి. ఇంటికి పొయ్యి సంతకం పెట్టనంటి. పైగా అది పోపు మాటంట. అబద్ధమాడిన నోట్లోకి ఆ దేవుణ్ని ఎట్ల తీసుకునేది?”

“అదేదో అలవాటు కొద్దీ అన్న మాట కదా!”

“నీకు అలవాటేమో. నేను దేవునితో మాట్లాడ్తాంటి.”

 పోనీ చేను ఇచ్చేస్తే పోతుంది కదా అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

“ఇస్తే గొర్రెలు యాడ మేయాల? దుడ్లు నేను తింటా, అవేం తినాల?” అంది. తర్వాత కొంగుతో ముక్కు తుడుచుకుని, “పాస్కపండగ వస్తాండాది. పండగ పొద్దు గూడా ఇట్లే బైట కూసోవాలేమో” అంది.  లోపల కొత్త ఫ్యాను తిరుగుతున్న చప్పుడు మా ఇద్దరికీ వినబడుతోంది. కంపెనీవాళ్లు మంచితనానికి గుడి మీద నాలుగు పలకలు పెట్టి, లోపల ఫ్యాన్లు బిగించిపోయారు. ఎండాకాలం రేకుల కింద ఉడికిపోయినవాణ్ణి, ఆ ఫ్యాను కింద నేనూ కళ్లు మూసుకుని ప్రభువును స్తుతించినవాణ్ణే.

అట్లాగే ఆ ఫ్యాను కిందే ఫాదరును అడిగాను.

“ఫాదర్, పోపుగారు చెప్పింది ఆయన అభిప్రాయం కదా. పెద్దమ్మ సంతకం పెట్టకపోతే పాపమెట్ల అయితాది?”

“పాపమని నేనెప్పుడన్నానండీ?”

“అన్లేదు. ప్రార్థనలో పెట్టినారు. మా వాళ్లకు అది ఇంకా ఎక్కువ.”

“జగద్గురువుల మాటను మీరు తక్కువ చేస్తున్నారు ఉపదేశి గారూ. ఆయన చెప్పింది లోకం మంచి కోసం కదా!”

“పోపుగారిని తక్కువ చెయ్యడం లేదు ఫాదర్. ఏజెంటును ఎక్కువ చెయ్యొద్దంటాండా.”

ఫాదరు చెవులు ఎర్రబడ్డాయి. గన్నేరు మొక్కలకు నీళ్లు పోశారా అని అడిగాడు. పోయలేదన్నాను. ఇంటికొచ్చి మా ఆవిడ మీద అరిచాను. ఆమె చేటలో బియ్యం చెరుగుతూ తల ఎత్తకుండా, “నా మీద అరిస్తే పోపుకు ఇనబడ్తాదా? పొయ్యి ఆ ముసలి ఫాదర్ని అడుగు” అంది.

ఆ ముసలి ఫాదరు నన్ను ఉద్యోగంలో పెట్టినవాడు. రిటైరై గార్లదిన్నె అవతల ఒక తోటలో, తనలాంటివాళ్లు ఇద్దరు ముగ్గురితో ఉంటున్నాడు. రెండు బస్సులు మారి వెళ్లాను. లుంగీ, బనీను, చేతిలో ముక్కుపొడి డబ్బీ, చుట్టూ కోళ్లు. నన్ను చూసి, “ఏమిరా, ఇంకా బతికే ఉండావా?” అన్నాడు. మీ దయ అన్నాను. జరిగింది మొత్తం చెప్పాను. మూడో మనవి దగ్గరికొచ్చేసరికి నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నాడు. నీళ్లు తాగి, కళ్లు తుడుచుకుని, నన్నొక ప్రశ్న వేశాడు.

“రోమాపురిలో వాన పడ్తాందని పోపుగారు చెప్తే, నువ్వు అనంతపురంలో గొడుగేసుకొని తిరుగుతావారా?”

“తిరగను సామీ.”

“ఏంటికి? పోపు మాట మీద నమ్మకం లేదా?”

“నమ్మకం ఉండాది. వాన లేదు.”

“మరింగేం!” అని ముక్కుపొడి పట్టించి, తుమ్మి, అప్పుడు నిదానంగా చెప్పాడు. “విశ్వాసం సంగతి, నీతి సంగతి మన కతోలికులందరి తిరుసభ పేరు మీద పోపు బోధిస్తే మనం తల వంచాల. దేవుడిచ్చిన భూమిని పాడు చెయ్యొద్దు, పేదోని నోరు కొట్టొద్దు, అది బోధ. ఏ సర్కారు మంచిది, ఏ కరెంటు మంచిది, యా చేన్లో ఏం పెట్టాల, అది ఆయన అభిప్రాయం. అభిప్రాయం కదా అని తీసి పారెయ్యొద్దు. పెద్దాయన, లోకం సూసినోడు. మర్యాదగా ఇను, బాగా ఆలోచించు. ఆలోచించినాక గూడా నీ బుద్ధికి సరిపోకపోతే అది పాపం కాదు. దేవుడు నీకూ ఒక తలకాయ ఇచ్చినాడు, టోపీ పెట్టుకునేకే కాదు.”

“మరి పోపు మాటలో తప్పుండదంటారే?”

“అది ఎప్పుడో ఒకసారి, ఇది విశ్వాస సత్యమని లోకానికంతా చాటి చెప్పినప్పుడు. ప్రయాణంలో కాఫీ తాగుతా చెప్పినదానికి కాదు. ఆ లెక్కన కాఫీలో చక్కెర ఎక్కువైందని ఆయనంటే, మనమంతా చక్కెర మానెయ్యాల.”

ఈ మాట మా ఫాదరుకు ఫోను చేసి చెప్పమని బతిమాలాను. ఆయన చెయ్యి ఊపేశాడు. “పాత ఫాదరు చెప్తే కొత్త ఫాదరు ఇనేది లోకంలో లేదురా. నేనూ ఇన్లేదు” అన్నాడు. నాకొక కోడిపెట్టను ఇచ్చి పంపాడు. అది బస్సులో నా ఒడిలో కూర్చుని అనంతపురం దాకా కండక్టరును తిడుతూనే ఉంది.

తిన్నగా పెద్దమ్మ దగ్గరికి పోయాను. చేన్లోనే ఉంది, కంప కొట్టి దడి కడుతోంది. గొడుగు సంగతి, కాఫీ సంగతి, తలకాయ సంగతి అన్నీ చెప్పాను. నాకెంత సంతోషంగా ఉందంటే, అప్పుడే ఆమె కొంగు దులుపుకుని నా వెంట గుడికి వస్తుందనుకున్నాను. ఆమె అంతా విని తల ఊపింది.

“బాగుండాది. ఆ సామి మంచిమాట చెప్పినాడు. కానీ నాకు పనికిరాదప్పా.”

“ఎందుకు?”

“గుడిలో ఏసిన ముడి గుడిలోనే ఇప్పాల. పీఠం కాడ అన్న మాటను నువ్వు మోపెడ్డు మీద తెచ్చి చేన్లో ఇప్పితే ఎట్ల?”

ఆమె మీద నాకు చెడ్డ కోపం వచ్చింది. వెనక్కి వస్తూ దారి పొడుగునా ఆలోచిస్తే, ఆమె అన్నదాంట్లో తప్పేమిటో నాకు దొరకలేదు. మూడో మనవికి పీఠం దగ్గరే జవాబు రావాలి.

పాస్కకు ముందు వారం, అందరం మట్టలు పట్టుకుని గుడికి పోయే మ్రానికొమ్మల ఆదివారం వచ్చింది. మా పక్క కొబ్బరి మట్టలు యాడ దొరుకుతాయి, ఈతమట్టలే పట్టుకుంటాం. పూజకు ముందు ఫాదరు వస్త్రాలు వేసుకుంటుంటే పెద్దమ్మ మాట ఉన్నదున్నట్టు చెప్పాను, ముడి సంగతి. ఆయన నడుముకు తాడు కట్టుకుంటూ విన్నాడు. ఆ రోజు ఏజెంటు గుడి ఆవరణలోనే షామియానా వేసి, బల్ల వేసి, మిగిలిన సంతకాలు పూజ అవగానే తీసుకుంటానని ఫాదరును ఒప్పించుకున్నాడు. పండగ పూట ఊరంతా ఒకచోట దొరుకుతుంది కదా. వాడూ ఒక ఈతమట్ట పట్టుకుని ముందు వరసలో కూర్చున్నాడు.

మనవుల కాగితం ఈసారి నా చేతికే వచ్చింది. రాసినవి చదివాను, ఆలకింపుమన్నారు. ఆ తర్వాత, “సొంత మనవులు ఉన్నవారు చెప్పుకోవచ్చు” అనడం మా ఆచారం. మామూలుగా వచ్చేవే వచ్చాయి. ఒకాయన బోరులో నీళ్లు పడాలన్నాడు. ఒకామె కొడుకు తాగుడు మానాలంది, ఆ కొడుకు కూడా పక్కనే నిలబడి ఆలకింపుమన్నాడు. ఇక ముగించమని ఫాదరు నా వంక చూశాడు. నేను చూడలేదు. మైకు వైరు ఊడిందన్నట్టు వంగి, ఊడని వైరును సరిచేయడం మొదలుపెట్టాను.

గడప దగ్గర నుంచి పెద్దమ్మ లేచింది. మైకు అక్కరలేని గొంతు.

“ప్రభువా, మా పోపుగారు శానా దూరంలో ఉండాడు. పెద్దవయసు మనిషి. ఆయప్పకు మంచి ఆరోగ్యం ఇయ్యి. ఒక్కసారి మా ఊరికి తోడుకోని రా. నా చేను సూపిస్తా, గొర్రెల్ని సూపిస్తా, రొంత మజ్జిగ తాపిస్తా. సూసినాక గూడా ఇచ్చెయ్యమంటే ఇచ్చేస్తా. అంతవరకు నా చేను నాకే ఉండాలని వేడుకొందము.”

“ప్రభువా, మా మనవి ఆలకింపుము!”

రేకులు అదిరాయి. ముందు వరసలో ఏజెంటు కూడా అన్నాడు, నా కళ్లతో చూశాను. ఇన్ని వారాలు వచ్చీ వచ్చీ వాడికీ అలవాటైపోయింది. అన్నాక నోటికి ఈతమట్ట అడ్డం పెట్టుకున్నాడు. ఊరివాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. తాము ఏమన్నారో అప్పుడు తెలిసింది. ఎక్కడో ఒకామె కిసుక్కుమంది. అంతే, గుడంతా గుసగుస.

ఫాదరు పీఠం మీద రెండు చేతులూ ఆనించి తల వంచుకున్నాడు. చెవులు ఎర్రగా ఉన్నాయి. అయిపోయింది, పూజ ఆపేస్తాడు, నా ఉద్యోగం ఇవాళ్టితో సరి అనుకున్నాను. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడేమో అనుకున్నాను. తల ఎత్తేసరికి తెలిసింది, నవ్వు ఆపుకోలేక చస్తున్నాడు. నవ్వు ఆగాక మెట్టు దిగి ముందుకు వచ్చాడు.

“కూర్చోండి. కిందటి నెల ఇక్కడే నేనొక మనవి చదివాను. అది ప్రార్థన కాదండీ. తిరుసభ బోధ కూడా కాదు. జగద్గురువులు ఎక్కడో చెప్పిన అభిప్రాయానికి నా అభిప్రాయం అతికించి, మీచేత ఆలకింపుము అనిపించాను. ఆయన అభిప్రాయం నాకిప్పటికీ నచ్చుతుంది, ఎండ కరెంటు మంచిదనే అంటాను. కానీ చేను మీది. ఇస్తే పుణ్యం రాదు, ఇవ్వకపోతే పాపం రాదు. ఆ రోజు మీరు అన్నదానికి దేవుడి ముందు జవాబుదారీ నేను, మీరు కాదు.” ఏజెంటు వైపు తిరిగాడు. “మీ బల్ల గుడి ఆవరణలో వద్దండీ. రోడ్డు మీద వేసుకోండి.”

సత్ప్రసాదానికి వరస కట్టారు. పెద్దమ్మ అందరికంటే చివర వచ్చింది, చేతిలో ఈతమట్టతోనే. “క్రీస్తు శరీరము” అన్నాడు ఫాదరు. “ఆమెన్” అంది. ఊరంతా దద్దరిల్లే ఆ గొంతు, పక్కన పళ్లెం పట్టుకున్న నాకే సరిగ్గా వినబడలేదు. నేను ఏడ్చాను. ఉపదేశి ఏడవకూడదని రూలేమీ లేదు, నేను చూశాను.

పంచరు షాపు భాయ్ మాత్రం నన్ను అంత తేలిగ్గా వదల్లేదు. “ఇద్దరి మనవులూ పైకి పోయినాయి కదప్పా. మీ దేవుడు ఏది ఆలకిస్తాడు?” అన్నాడు. రెండూ ఆలకించాడనే చెప్పాలి. కంపెనీ ఎక్కడికీ పోలేదు, గీతలు కాస్త జరిపి గీసుకుంది. ఇచ్చినవాళ్లకు కౌలు వస్తోంది, వాళ్లు సంతోషంగానే ఉన్నారు. పెద్దమ్మ చేను మాత్రం నీలం పలకల నడుమ ఎర్రగా అట్లాగే ఉంది. పలకలు కడిగిన నీళ్లకు వాటి కింద గడ్డి మొలుస్తుంది. పెద్దమ్మ గొర్రెలు తీగల కింద దూరి ఆ గడ్డి మేసి వస్తాయి. వాచ్‌మన్ అరుస్తాడు, ఆమె ఇంకా గట్టిగా అరుస్తుంది. ఫ్లెక్సీలు రెండూ ఎండకు వెలిసిపోతే భాయ్ విప్పి, ఒకటి షాపుకు నీడగా, ఇంకోటి నా మోపెడ్డు మీద కప్పడానికి ఇచ్చాడు. పోపుగారి మొహం లోపలికి తిప్పి కప్పేవాణ్ణి, మర్యాద మర్యాదే కదా. ఫాదరు బదిలీ మీద పోయేముందు గన్నేరు మొక్కల్ని నాకు అప్పజెప్పి పోయాడు. అవి చావలేదు, అదే నా ఖర్మ.

అందుకని అమ్మా, నీ ప్రశ్నకు నా జవాబు ఆ ముసలి ఫాదరు చెప్పినదే. బోధకు తల వంచు. అభిప్రాయానికి చెవి ఒగ్గు, తర్వాత తలకాయ వాడు. రేపు నీ చేతికి మనవుల కాగితం ఇస్తారు. దాంట్లో ఎవరి అభిప్రాయమైనా దూరిందేమో చదవబోయే ముందే చూసుకో, అది పోపుగారిదైనా, ఫాదరుదైనా, నీదైనా.

నువ్వు ఎప్పుడైనా మా ఊళ్లో మనవులు చదవాల్సి వస్తే ఒక సంగతి గుర్తుపెట్టుకో. “వేడుకొందము” అన్నాక, ఆ ఆదివారం నుంచి మా వాళ్లు వెంటనే పలకరు. ఒక క్షణం ఎవరూ మాట్లాడరు. కొత్తగా వచ్చిన ప్రతి ఫాదరూ మా ఊరికి చెవుడనుకుంటాడు, మైకు పెంచమంటాడు, “వేడుకొందము” అని మళ్లీ గట్టిగా అంటాడు. నువ్వు కంగారుపడకు. వాళ్లు నువ్వు చదివింది ఏమిటో ఆలోచిస్తున్నారు. నచ్చితే అంటారు.